కుడితికి పనికిరానిది వానపాములకు

పాడి ఉన్న ఇంట్లో కూరగాయల తొక్కలు, బియ్యం కడుగు, గంజి కుడితి తొట్టికే చేరుతాయి. మంచి అలవాటే. కాని కుడితిలో వేయరానివి కూడా కొన్ని ఉన్నాయని, సంఘాల తనిఖీకి వెళ్ళినప్పుడు మేము సభ్యులకు చెబుతూనే ఉంటాము.

బూజు పట్టినది ఏదైనా పశువుకు పెట్టరాదు. బూజు పట్టిన వేరుశనగ చెక్కలో, మొక్కజొన్నలో ఉండే ఆఫ్లాటాక్సిన్ అనే విషం పాలలోకి దిగుతుంది. పాలు కాచినా అది పోదు. ఆ పాలు తాగేది మన పిల్లలే. ఉల్లిపాయలు ఎక్కువగా తింటే పశువుకు రక్తహీనత వస్తుంది. పెళ్ళిలో మిగిలిన అన్నం గంపలకొద్దీ పెడితే పొట్టలో పులిసి, పశువు ప్రాణానికే ముప్పు. అలాగని వీటిని ప్లాస్టిక్ సంచిలో కట్టి వీధిలో పారవేస్తే, ఏ పశువో సంచితో సహా మింగుతుంది.

ఇంట్లో రోజూ కొద్దికొద్దిగా వచ్చే ఇటువంటి వ్యర్థాన్ని వానపాములు ఎరువుగా మార్చగలవు. పొలంలో లోతుగా బొరియలు చేసే రకాలు ఇందుకు పనికిరావు. పైపొరలో బతికే ఐసీనియా ఫెటిడా, యూడ్రిలస్ యూజీనియే రకాలు కావాలి.

అడుగున రంధ్రాలున్న పాత తొట్టిని నీడలో ఉంచాలి. అడుగున 3 అంగుళాల మందాన కొబ్బరి పీచు గాని, ఎండుగడ్డి గాని పరచి, దానిపై అరజానెడు మందాన పాత పేడ వేసి తడపాలి. పచ్చి పేడ వేయరాదు. అది మాగేటప్పుడు వేడెక్కుతుంది, ఘాటైన అమ్మోనియా వెలువడుతుంది. డబ్బు పెట్టి కొన్న వానపాములు ఆ వేడికే చచ్చిపోతాయి. పేడను 15 రోజులు ఆరుబయట ఉంచి, చేయి పెట్టి చూసి, వెచ్చదనం లేనప్పుడే వానపాములను వదలాలి. నట్టల మందు తాగించిన పశువు పేడను కొన్నాళ్ళు ఈ తొట్టిలో వేయకపోవడం మంచిది.

టీ పిప్పి, నలిపిన గుడ్డు పెంకులు, కుళ్ళిన కూరగాయలు, బూజు పట్టిన కొద్దిపాటి మెతుకులు ఒక మూల వేసి, గుప్పెడు పాత పేడతో కప్పాలి. ముందు వేసినది తరిగాకే మళ్ళీ వేయాలి. ఉప్పు, నూనె, ఊరగాయ, నిమ్మతొక్కలు, మాంసం వద్దు. పెళ్ళి అన్నం వంటి పెద్ద మొత్తాన్ని ఎండు చెత్తతో కలిపి ఎరువు గుంతలో పూడ్చాలి.

వానపాము చర్మంతోనే శ్వాసిస్తుంది. తొట్టి ఎండినా, నీరు నిలిచినా బతకదు. గుప్పెడు తీసి పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి. పైన తడి గోనె కప్పాలి. చీమలు రాకుండా తొట్టి కాళ్ళ కింద నీటి పళ్ళాలు పెట్టాలి.

సుమారు రెండు మూడు నెలలకు ఎరువు టీపొడిలా నల్లగా, దుర్వాసన లేకుండా తయారవుతుంది. నాలుగు రోజులు నీరు ఆపితే వానపాములు అడుగుకు దిగుతాయి. పై ఎరువు తీసి కూరగాయల పాదులకు, పశుగ్రాసపు మడికి వాడుకోవచ్చు.

కార్యదర్శులు ఈ విషయాలను పాలు పోయడానికి వచ్చిన సభ్యులకు, ముఖ్యంగా కుడితి కలిపే మహిళలకు చదివి వినిపించవలసిందిగా కోరుతున్నాము.