తోడుకోని పెరుగు, తెరవాల్సిన కిటికీ

రిటైరయిన వాళ్లకు రోజంతా చిన్న చిన్న పనుల మీదే నడుస్తుంది. పొద్దున్నే పాలు కాచడం, పప్పు నానబెట్టడం, బట్టలు ఆరేయడం, రాత్రి పడుకోబోయే ముందు పెరుగు తోడుపెట్టడం. ఏళ్ల తరబడి చేతికి అలవాటైన ఈ పనులే జర్మనీలోని డార్మ్‌స్టాట్‌కి వచ్చాక ఎదురు తిరుగుతాయి. ఫ్రాంక్‌ఫర్ట్‌కి దక్షిణంగా 30 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఊరిది. ఇక్కడి టెక్నికల్ యూనివర్సిటీలో చదివి, ఇక్కడే ఉద్యోగాల్లో కుదురుకున్న తెలుగు పిల్లల దగ్గరికి అమ్మానాన్నలు వస్తుంటారు. షెంగెన్ విజిటర్ వీసా మీద 180 రోజుల్లో 90 రోజులకు మించి ఉండడానికి లేదు. వచ్చిన కొన్నాళ్లకే వంటింట్లో వినబడే మాట, "ఇక్కడ పెరుగు తోడుకోవడం లేదమ్మా" అని. పాలు మంచివి కావంటారు కొందరు, చలి దేశం కదా అంటారు ఇంకొందరు. చలి కారణమే గానీ అది సగమే. మిగతా సగం తోడులో ఉంది.

పాలలో కేసిన్ అనే ప్రొటీన్ కంటికి కనబడని ఉండలుగా తేలుతూ ఉంటుంది. ఉండల పైన రుణావేశం ఉంటుంది కాబట్టి ఒకదాన్నొకటి నెట్టుకుంటూ విడివిడిగానే ఉంటాయి. తోడులోని బాక్టీరియా పాలలోని లాక్టోజ్ చక్కెరను తిని లాక్టిక్ ఆమ్లాన్ని వదులుతాయి. తాజా పాల పీహెచ్ 6.6 దగ్గర ఉంటుంది. ఆమ్లం పెరిగి అది 5.3 కన్నా దిగిందంటే ఉండల మీది ఆవేశం సన్నగిల్లి, ఒకదానికొకటి అతుక్కోవడం మొదలవుతుంది. 4.6 దగ్గరికి వచ్చేసరికి గిన్నె అంతా ఒకే అల్లిక. నీరు, కొవ్వు అందులో చిక్కుబడిపోతాయి.

ఇక పాలు కాచడం సంగతి. జర్మనీలో ప్యాకెట్ పాలు పాశ్చరైజ్ చేసినవే, కాచకుండా తాగవచ్చు. "కాచిన పాలే మళ్లీ కాస్తారెందుకు అమ్మా?" అని పిల్లలు అడ్డుపడుతుంటారు. పెరుగు విషయంలో మాత్రం అమ్మదే సరైన మాట. పాలను 85 డిగ్రీలకు పైగా వేడిచేస్తే, పాలవిరుగుడులో ఉండే ప్రొటీన్లు మడతలు విప్పుకుని కేసిన్ ఉండలకు అంటుకుంటాయి. అప్పుడు అల్లిక బిగుతుగా వస్తుంది, నీరు తేలడం తగ్గుతుంది. అయినా గేదె పాలతో పెరిగినవాళ్లు కోరుకునే గడ్డ పెరుగు ఇక్కడ అంత సులువుగా రాదు. ఇక్కడివి ఆవు పాలు, ఫుల్ క్రీమ్ ప్యాకెట్‌లోనూ కొవ్వు నాలుగు శాతం లోపే. గేదె పాలలో కొవ్వూ ప్రొటీనూ రెండూ ఎక్కువ.

ఇంటి దగ్గరి నుంచి తోడు తెచ్చుకుందామంటే కుదరదు. యూరోపియన్ యూనియన్ బయటి దేశాల నుంచి వచ్చే ప్రయాణికులు సామానులో పాల పదార్థాలు తీసుకురాకూడదు. దాంతో అందరూ సూపర్‌మార్కెట్ యోగర్ట్ కప్పునే తోడుగా వాడతారు. అసలు చిక్కు అక్కడే ఉంది. మన ఇంటి తోడులో రకరకాల బాక్టీరియా కలిసి ఉంటాయి. వాటిలో లాక్టోకాకస్ జాతివి 25, 30 డిగ్రీల దగ్గర హాయిగా పనిచేస్తాయి. విజయవాడలోనో వరంగల్‌లోనో వంటింటి గట్టు మీద రాత్రి ఉండే వేడి అంతే. యోగర్ట్‌లో ఉండే స్ట్రెప్టోకాకస్ థెర్మోఫిలస్, దాని జోడీ లాక్టోబాసిలస్ అలా కాదు. వాటికి 40 నుంచి 45 డిగ్రీలు కావాలి. 20 డిగ్రీల డార్మ్‌స్టాట్ వంటింట్లో అవి చావవు, కానీ దాదాపు పని మానేస్తాయి. పాలు గోరువెచ్చగా ఉన్నంతసేపే వాటి జోరు. గిన్నె చల్లబడ్డాక తెల్లవారేదాకా ఎదురుచూసినా లాభం ఉండదు.

కప్పు మీద చిన్న అక్షరాలు చదవడం కూడా అలవాటు చేసుకోవాలి. ఒట్టి "యోగుర్ట్" అని ఉంటే అందులో లాక్టోబాసిలస్ బల్గారికస్ ఉంటుంది, పులుపు బాగా వస్తుంది. "యోగుర్ట్ మిల్డ్" అని ఉంటే ఆ స్థానంలో వేరే లాక్టోబాసిలస్ వాడతారు, పులుపు తక్కువ. పెరుగన్నంలోకి మొదటిదే బాగుంటుందని నా అభిప్రాయం.

యోగర్ట్‌తోనే తోడుపెట్టాలంటే గిన్నెను వేడి పోకుండా కాపాడాలి. ఓవెన్ వెలిగించకుండా లోపలి దీపం మాత్రం వేసి అందులో పెట్టవచ్చు, లేదా మందపాటి తువ్వాలు చుట్టి పెట్టవచ్చు. ఇంతకన్నా మంచి దారి అదే సూపర్‌మార్కెట్ అరలో దొరుకుతుంది. జర్మన్ పల్లెల్లో ఒకప్పుడు పచ్చి పాలను వంటింట్లోనే వదిలేసి పులియబెట్టి తినేవారు. దాన్ని డిక్‌మిల్ష్ అంటారు. ఇప్పుడు డెయిరీలు తయారుచేసే డిక్‌మిల్ష్‌లోనూ, బుటర్‌మిల్ష్ అనే మజ్జిగలోనూ ఉండేవి మామూలు గది వేడికి పనిచేసే లాక్టోకాకస్ రకాలే. పులియబెట్టాక మళ్లీ వేడిచేయని రకం చూసి, ఒక చెంచా తోడు వేసి, 22 డిగ్రీల గదిలో ఉంచితే చాలు. తెల్లారేసరికి కాకపోయినా మధ్యాహ్నం భోజనానికి పెరుగు సిద్ధం. రిటైరయిన వాళ్లకు తొందరేముంది?

పులియడం అంటే ఏమిటన్న ప్రశ్న మీద యూరప్‌లో పెద్ద తగవే నడిచింది. అందులో ఒక పక్షం నాయకుడు ఈ ఊరివాడు. యుస్టుస్ లీబిగ్ 1803లో డార్మ్‌స్టాట్‌లో పుట్టాడు. తండ్రికి రంగులు, రసాయనాలు అమ్మే దుకాణం ఉండేది. లీబిగ్ రసాయన ప్రయోగాలు మొదలైంది ఆ సరుకుతోనే. పులియడం ఒట్టి రసాయన మార్పేననీ, దానికి ప్రాణులతో పనిలేదనీ ఆయన గట్టిగా నమ్మాడు. 1839లో తన పత్రికలో ఈస్టును చక్కెర తిని సారా విసర్జించే బుల్లి జంతువుగా వర్ణిస్తూ మిత్రుడు వోలర్‌తో కలిసి పేరు వేయకుండా ఒక వెక్కిరింపు వ్యాసం కూడా వేశాడు. 1857లో లూయీ పాశ్చర్ సరిగ్గా ఈ పాలు పులిసే విషయం మీదే పరిశోధన ప్రకటించి, లాక్టిక్ ఆమ్లాన్ని తయారుచేసేది సూక్ష్మజీవులేనని చూపించాడు. లీబిగ్ మాత్రం 1873లో కన్నుమూసేదాకా పూర్తిగా ఒప్పుకోలేదు. 1897లో ఎడ్వర్డ్ బుఖ్‌నర్ ఈస్టు కణాలను నూరి, పిండి తీసిన రసం ఒక్కటే చక్కెరను పులియబెట్టగలదని నిరూపించాడు. ఆ రసంలో పనిచేసినవి ఎంజైములు. దానికి 1907లో నోబెల్ బహుమతి వచ్చింది. అలా సూక్ష్మజీవి లేనిదే పెరుగు లేదన్న పాశ్చర్ మాట నిలిచింది, ఆ జీవి లోపల జరిగేది రసాయనమేనన్న లీబిగ్ మాటా కొంత నిలిచింది. ఎంజైముల వేగం వేడిని బట్టి మారుతుంది. స్థూలంగా 10 డిగ్రీలు తగ్గితే వేగం సగమవుతుంది.

ఇడ్లీ పిండికీ ఈ లెక్కే. మినప్పప్పుతో పాటే పిండిలోకి వచ్చే ల్యూకోనోస్టాక్ మెసెంటరాయిడిస్ అనే బాక్టీరియా కార్బన్ డయాక్సైడ్ వదిలి పిండిని పొంగిస్తుంది. 1965లో అచ్చయిన ఒక అమెరికా పరిశోధన ఈ సంగతి తేల్చింది. 30 డిగ్రీల దగ్గర రాత్రికి రాత్రే పొంగే పిండికి 20 డిగ్రీల దగ్గర ఒక పగలు కూడా కలపాలి, అంతే.

పప్పు ఉడకకపోవడానికి కారణం వేరు, అది నీళ్లలో ఉంది. డార్మ్‌స్టాట్ కుళాయిల్లోకి వచ్చేది హెస్సిషెస్ రీడ్ అనే రైన్ నది మైదానపు భూగర్భ జలం. అందులో కాల్షియం ఎక్కువ. కెటిల్ అడుగున పేరుకునే తెల్లటి పొర అదే. నీళ్లు మరిగినప్పుడు కాల్షియం బైకార్బొనేట్ విడిపోయి సున్నపురాయిగా పేరుకుంటుంది. ఈ కాల్షియమే కందిపప్పు గింజలోని కణాలను అతికించి ఉంచే పెక్టిన్‌ను ఇంకా బిగిస్తుంది. అందుకే ఎంత ఉడికించినా పప్పు బద్ద బద్దగా మిగిలిపోతుంది. నీళ్లు ఒకసారి మరగకాచి, తేర్చి, ఆ నీళ్లలో నానబెట్టి ఉడికిస్తే తేడా తెలుస్తుంది. చింతపండు రసం పప్పు మెత్తబడ్డాకే పోయాలన్న మన పెద్దవాళ్ల పద్ధతికీ ఇదే శాస్త్రం ఆధారం. పులుపు ముందే పడితే పెక్టిన్ కరగడం మందగిస్తుంది. కెటిల్ కడగడానికి సిట్రిక్ ఆమ్లం వాడేవాళ్లు చన్నీళ్లలోనే కలపాలి. వేడిచేస్తే కాల్షియం సిట్రేట్‌గా మారి ఇంకో మొండి పొర తయారవుతుంది.

అన్నిటికన్నా ఎక్కువ వాదం జరిగేది కిటికీ దగ్గర. బయట సున్నా డిగ్రీలు, పొగమంచు. కోడలు లేచి కిటికీలు బార్లా తెరుస్తుంది. "ఈ చలిలో ఏమిటమ్మా, తేమంతా లోపలికి వస్తుంది" అని అత్తగారు మూయబోతారు. "అయిదు నిమిషాలే అత్తయ్యా" అంటుంది కోడలు. జర్మన్లు లుఫ్టెన్ అనే ఈ పనిని ఎంత నిష్ఠగా చేస్తారంటే, కొన్ని అద్దె ఒప్పందాల్లో కూడా రాసి ఉంటుంది. పొగమంచు రోజున కిటికీ తెరిస్తే ఇల్లు తడుస్తుందనిపించడం సహజమే. జరిగేది మాత్రం దానికి పూర్తిగా వ్యతిరేకం.

చల్లటి గాలి నీటి ఆవిరిని ఎక్కువగా పట్టుకోలేదు. సున్నా డిగ్రీల దగ్గర ఘనపు మీటరు గాలిలో 4.8 గ్రాములకు మించి ఆవిరి నిలవదు. 20 డిగ్రీల దగ్గర 17.3 గ్రాముల దాకా నిలుస్తుంది. అంటే నిండా పొగమంచుతో ఉన్న బయటి గాలి కూడా లోపలికి వచ్చి 20 డిగ్రీలకు వేడెక్కితే దాని తేమ 28 శాతానికి పడిపోతుంది. లోపల 60 శాతం తేమ ఉన్న 50 ఘనపు మీటర్ల గదిలో గాలి మొత్తం మారితే, దాదాపు 280 గ్రాముల నీరు బయటికి పోతుంది. నిండు గ్లాసుడు నీళ్లన్నమాట. పోయిన వేడి ఎంత? 60 కిలోల గాలిని 20 డిగ్రీలు వేడిచేయడానికి యూనిట్ కరెంటులో మూడో వంతు చాలు. గోడలూ సామానూ తమ వేడిని అట్టే పెట్టుకుంటాయి కాబట్టి గది త్వరగానే వెచ్చబడుతుంది. కిటికీని రోజంతా కొద్దిగా వారగా తీసి ఉంచితే మాత్రం ఆ గోడలే చల్లబడతాయి, బూజుకు అది ఆహ్వానం.

బూజు పట్టడానికి గోడ తడిసి నీరు కారనవసరం లేదు. 20 డిగ్రీలు, 60 శాతం తేమ ఉన్న గదిలో బయటి గోడకు ఆనించిన బీరువా వెనక గోడ 15 డిగ్రీలే ఉందనుకోండి. గోడను తాకే గాలిలో తేమ 80 శాతం దాటుతుంది. బూజు మొలవడానికి అది చాలు. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలకు పోయే ఇల్లు పగలంతా ఖాళీ. అమ్మానాన్న వచ్చాక పొయ్యి ఎక్కువసేపు వెలుగుతుంది, స్టాండు మీద బట్టలు ఆరుతుంటాయి. ఒక మనిషి ఊపిరి, చర్మం ద్వారానే రోజుకు సుమారు లీటరు నీరు గాలిలో కలుస్తుంది. మెషిన్‌లో పిండిన ఒక విడత బట్టల నుంచి ఇంకో రెండు లీటర్ల దాకా వస్తుంది. ఇంట్లో మనుషులు పెరిగితే కిటికీ తెరిచే సార్లూ పెరగాలి.

ఈ ఊళ్లో తేమను కొలిచే పని ఆకాశం దాకా సాగింది. యూరప్ వాతావరణ ఉపగ్రహాల సంస్థ యూమెట్‌శాట్ ప్రధాన కార్యాలయం డార్మ్‌స్టాట్‌లోనే ఉంది. దాని మీటియోశాట్ ఉపగ్రహాలు గాలిలోని నీటి ఆవిరిని పరారుణ కిరణాలతో చూస్తాయి. వాటిలో ఒకటి హిందూ మహాసముద్రం మీద కాపలా ఉండి బంగాళాఖాతాన్ని కూడా గమనిస్తుంది.

కిటికీ తెరవనవసరం లేని ఇల్లు కట్టాలన్న ప్రయత్నం జరిగిందీ ఇక్కడే. వోల్ఫ్‌గాంగ్ ఫైస్ట్, స్వీడన్‌కు చెందిన బో ఆడమ్సన్ ఆలోచనల నుంచి, ఊరికి ఈశాన్యాన ఉన్న క్రానిష్టైన్‌లో 1991లో నాలుగు ఇళ్ల వరుస ఒకటి లేచింది. ప్రపంచంలో మొదటి పాసివ్ హౌస్ అదే. మందంగా కప్పిన గోడలు, మూడు పొరల అద్దాలు, గాలి చొరబడని అతుకులు. లోపలి గాలిని ఫ్యాన్లు నెమ్మదిగా బయటికి పంపుతాయి. పోయే గాలిలోని వేడిని వచ్చే చల్లగాలి దారిలోనే అందుకుంటుంది, రెండు గాలులూ మాత్రం కలవవు. పాసివ్ హౌస్ ప్రమాణం ప్రకారం చదరపు మీటరుకు ఏడాది పొడవునా 15 యూనిట్లకు మించి వేడి అవసరం కాకూడదు. కూర్చుని ఉన్న మనిషి ఒంటి నుంచి దాదాపు 100 వాట్ల వేడి వస్తుంది. ఇలాంటి ఇంట్లో అదీ లెక్కలోకి వస్తుంది, కాబట్టి పగలంతా ఇంట్లో ఉండే తాతయ్య, నాయనమ్మ కూడా హీటింగ్‌లో భాగమే.

మామూలు అపార్ట్‌మెంట్‌లో ఉండే పెద్దవాళ్లు ఒక జాగ్రత్త తీసుకోవాలి. వయసు పైబడేకొద్దీ చలిని ఒళ్లు ఆలస్యంగా పసిగడుతుంది, చర్మంలోని రక్తనాళాలు చలికి వెంటనే బిగుసుకోవు. "నాకేం చలి లేదు" అన్న మాటను పూర్తిగా నమ్మడానికి వీల్లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చలి దేశాల ఇళ్లలో కనీసం 18 డిగ్రీలు ఉండాలంటుంది, పెద్దవాళ్లున్నచోట ఇంకాస్త ఎక్కువ ఉంటే మేలు. ఉష్ణోగ్రత, తేమ రెండూ చూపించే చిన్న మీటరు ఒకటి కొని, హీటర్‌కి దూరంగా, లోపలి గోడకు తగిలించుకోవాలి. తేమ 60 దాటితే శాలువా కప్పుకుని కిటికీ బార్లా తెరవాలి, అయిదు నిమిషాల తర్వాత మూసేయాలి. 40 కన్నా దిగితే ఆ రోజు బట్టల స్టాండు హాల్లోనే వేసుకోవచ్చు.