పెంపుడు కుందేళ్లకు శ్వాసకోశ వ్యాధి: టీకాపై అపోహలు, వాస్తవాలు

(ప్రత్యేక వ్యాసం)

హైదరాబాద్, జూలై 5: ప్రతి సంవత్సరం జూలై 6వ తేదీని ప్రపంచ జునోసిస్ దినంగా పాటించడం జరుగుతున్నది. 1885లో ఇదే రోజున ఫ్రెంచి శాస్త్రవేత్త లూయీ పాశ్చర్, పిచ్చికుక్క కాటుకు గురైన జోసెఫ్ మైస్టర్ అనే బాలునికి తొలిసారిగా రేబిస్ నిరోధక టీకా ఇప్పించారు. ఈ సందర్భాన్ని పురస్కరించుకొని పశువైద్యశాలల్లో పెంపుడు కుక్కలకు టీకాలు వేస్తారు. కుక్కలను తెచ్చేవారితో పాటు కుందేళ్లను బుట్టల్లో పెట్టుకొని వచ్చి, “దీనికి కూడా జలుబు రాకుండా ఒక టీకా వేయండి” అని కోరేవారూ ఉంటారు. పట్టణ ప్రాంతాల్లో పిల్లల ముచ్చట కోసం కుందేళ్లను కొని పెంచే కుటుంబాలకు ఈ విషయంలో సరైన సమాచారం అందవలసిన అవసరం ఎంతైనా ఉన్నది.

వ్యాధి స్వరూపం

కుందేళ్లలో తరచుగా కనిపించే శ్వాసకోశ వ్యాధికి ప్రధాన కారణం పాశ్చురెల్లా మల్టోసిడా అనే సూక్ష్మజీవి. బోర్డెటెల్లా బ్రాంకిసెప్టికా వంటి ఇతర సూక్ష్మజీవులు కూడా దీనికి తోడు కావచ్చును. పాశ్చురెల్లా అనేక కుందేళ్ల ముక్కులో ఏ హానీ చేయకుండా నివసిస్తూ ఉంటుంది. ఎండ తీవ్రత, ప్రయాణపు అలసట, ఇరుకు బోను, మూత్రపు ఘాటు వంటి కారణాల వలన కుందేలు నీరసించినప్పుడు ఇది విజృంభిస్తుంది. మొదట తుమ్ములు, ముక్కు నుండి తెల్లని చిక్కటి స్రావం కనిపిస్తాయి. కుందేలు ముక్కును ముందు కాళ్లతో తుడుచుకుంటుంది కావున ఆ కాళ్ల లోపలి వైపు బొచ్చు అట్టకట్టి ఉంటుంది. యజమానులు తేలికగా గుర్తించగలిగిన తొలి ఆనవాలు ఇదే. వ్యాధి ముదిరితే ఊపిరితిత్తులకు పాకి న్యుమోనియాగా మారుతుంది. మధ్య చెవికి సోకితే కుందేలు మెడ ఒక పక్కకు వాలిపోతుంది. కొన్నింటిలో చర్మం కింద చీముగడ్డలు ఏర్పడతాయి.

టీకా ఉన్నదా?

మన పశువైద్యశాలల్లో పశువులకు నిత్యం వేసే టీకాల పట్టికలో కుందేళ్ల శ్వాసకోశ వ్యాధికి టీకా లేదు. విశేషమేమిటంటే, సూక్ష్మజీవిని ప్రయోగశాలలో బలహీనపరచి టీకాగా వాడవచ్చునని పాశ్చర్ 1879-80 ప్రాంతంలో నిరూపించినది కోళ్ల కలరా వ్యాధి విషయంలోనే. ఆ వ్యాధికి కారణం కూడా ఈ పాశ్చురెల్లా మల్టోసిడాయే. ఆయన పేరే దీనికి స్థిరపడినది. అయినను కుందేళ్ల విషయంలో టీకా అంతగా ఫలించకపోవడానికి రెండు కారణాలున్నాయి. మొదటిది, ఈ సూక్ష్మజీవిలో పలు రకాలున్నందున ఒక రకంపై కలిగిన రక్షణ మరొక రకంపై పూర్తిగా పనిచేయదు. రెండవది, ఇది ముక్కు లోపలి పొరల్లోను, ఎముకల నడుమ గల సన్నని గదుల్లోను తిష్ఠవేస్తుంది. టీకా వలన రక్తంలో ఏర్పడే రక్షక పదార్థాలు అక్కడికి తగినంతగా చేరవు. కొన్ని విదేశాల్లో పెద్ద కుందేళ్ల ఫారాలలో, వ్యాధి సోకిన మంద నుండే సూక్ష్మజీవిని వేరుచేసి టీకా తయారు చేయించుకుంటారు. దాని వలన వ్యాధి తీవ్రత కొంత తగ్గవచ్చును గాని, ముక్కులో సూక్ష్మజీవిని మోసే కుందేళ్లు మందలో మిగిలే ఉంటాయి.

గేదెల టీకా కుందేలుకు వద్దు

పశువులకు, గేదెలకు వర్షాకాలానికి ముందు గొంతువాపు టీకా వేయడం రైతులందరికీ తెలిసినదే. గొంతువాపునకు కూడా కారణం పాశ్చురెల్లా మల్టోసిడా కావడంతో, ఆ టీకానే కొద్ది మోతాదులో కుందేలుకు వేయరాదా అని కొందరు ప్రశ్నిస్తుంటారు. మన దేశంలో గొంతువాపు టీకా తయారీకి వాడేది బి-2 రకం సూక్ష్మజీవి. కుందేళ్ల జలుబుకు సాధారణంగా కారణమయ్యేవి ఎ, డి రకాలు. కావున ఆ టీకా వలన ఆశించిన రక్షణ లభించదు. అదేవిధంగా కుక్కల దగ్గుకు ఉద్దేశించిన టీకాను కూడా సొంత నిర్ణయంతో కుందేళ్లకు వేయించరాదు.

ఇంటర్నెట్‌లో “కుందేళ్లకు ఏటా టీకా తప్పనిసరి” అనే సమాచారం చూసి ఆందోళన చెందేవారున్నారు. బ్రిటన్, తదితర ఐరోపా దేశాల్లో వేసే ఆ టీకాలు మిక్సోమాటోసిస్, కుందేళ్ల రక్తస్రావ వ్యాధి అనే వైరస్ వ్యాధులకు సంబంధించినవి. రక్తస్రావ వ్యాధి 1984లో చైనాలో తొలిసారి బయటపడగా, దాని రెండవ రకం 2010లో ఫ్రాన్స్‌లో గుర్తించబడినది. ఆ టీకాలు పాశ్చురెల్లా వలన కలిగే జలుబును ఆపవు.

సొంత వైద్యం ప్రాణాంతకం

టీకా లేదనగానే మందుల దుకాణం నుండి మనుషుల యాంటీబయాటిక్ సిరప్ తెచ్చి తాగించడం అత్యంత ప్రమాదకరం. అమోక్సిసిలిన్, యాంపిసిలిన్, క్లిండామైసిన్, లింకోమైసిన్ వంటి మందులను నోటి ద్వారా ఇచ్చినచో కుందేలు పేగుల్లోని మేలు చేసే సూక్ష్మజీవులు నశిస్తాయి. వాటి స్థానంలో క్లాస్ట్రీడియం జాతి సూక్ష్మజీవులు పెరిగి విషపదార్థాలను విడుదల చేస్తాయి. తత్ఫలితంగా విరేచనాలు పట్టుకొని కుందేలు కొద్ది రోజుల్లోనే మరణించవచ్చును. అంటే జలుబుతో బ్రతకవలసిన ప్రాణి మందుతో పోతుంది. కుందేళ్లకు సురక్షితమైన యాంటీబయాటిక్‌లు ఉన్నాయి. వాటిని ఎంపిక చేయవలసినది పశువైద్యుడే. స్రావాన్ని పరీక్షకు పంపి, ఏ మందు పనిచేస్తుందో తెలుసుకొని వాడటం ఉత్తమం.

కుందేలు సహజంగా ముక్కుతోనే శ్వాసిస్తుంది. నోరు తెరచి ఊపిరి తీస్తున్నా, పెదవులు నీలంగా మారినా, పన్నెండు గంటలుగా మేత ముట్టకపోయినా ఆలస్యం చేయక వెంటనే వైద్యశాలకు చేర్చవలెను.

నివారణ చర్యలు

టీకా లేని చోట పోషణే రక్షణ. ఈ క్రింది జాగ్రత్తలు పాటించినచో వ్యాధిని చాలావరకు అదుపులో ఉంచవచ్చును.

* బోనును ప్రతిరోజూ శుభ్రం చేయాలి. మూత్రం నుండి వెలువడే అమ్మోనియా వాయువు ముక్కు లోపలి పొరలను దెబ్బతీస్తుంది. కుందేలు ముక్కు నేలకు దగ్గరగా ఉంటుంది కావున, ఆ ఘాటు మనకు తెలిసేసరికే దానికి హాని మొదలై ఉంటుంది.
* గాలి, వెలుతురు ధారాళంగా వచ్చే చోట బోనును ఉంచాలి. వాన జల్లు, నేరుగా తగిలే ఎండ పడకూడదు.
* కుందేలుకు చెమట పట్టదు. ఒంటి వేడిని ప్రధానంగా చెవుల ద్వారా వదులుతుంది. ఉష్ణోగ్రత 30 డిగ్రీల సెల్సియస్ దాటితే ఇబ్బంది పడుతుంది. వేసవిలో బోను చుట్టూ తడి గోనెపట్టాలు కట్టి, చల్లని నీరు అందుబాటులో ఉంచాలి.
* రంపపు పొట్టు, దుమ్ము పట్టిన గడ్డి పరపుగా వాడరాదు.
* గడ్డిని ప్రధాన ఆహారంగా ఇవ్వాలి. గడ్డి నమలనిచో పళ్లు అతిగా పెరిగి, వాటి వేర్లు కన్నీటి నాళాన్ని నొక్కడం వలన కళ్లు కారతాయి.
* కొత్తగా తెచ్చిన కుందేలును నాలుగు వారాలు విడిగా ఉంచి, తుమ్ములు లేవని నిర్ధారించుకున్న తరువాతనే పాతవాటితో కలపాలి.
* కుందేళ్లను, గినీ పందులను ఒకే బోనులో ఉంచరాదు. కుందేలులో మౌనంగా ఉండే బోర్డెటెల్లా గినీ పందికి ప్రాణాంతకం కాగలదు.
* కుందేలు కరచినా, గీరినా గాయాన్ని సబ్బుతో, ధారగా పారే నీటితో బాగా కడిగి వైద్యుని సంప్రదించాలి.

చట్టపరమైన అంశాలు

పొలాల్లో, అడవుల్లో దొరికే అడవి కుందేలు వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 పరిధిలోనికి వస్తుంది. దానిని పట్టడం, పెంచడం నేరం. పెంపుడు జాతులను విక్రయించే దుకాణాలు 2018 నాటి పెంపుడు జంతువుల దుకాణాల నిబంధనల ప్రకారం రాష్ట్ర జంతు సంక్షేమ మండలి వద్ద నమోదు కావలసి ఉంటుంది. ఇరుకు బోనుల్లో గుంపుగా కుక్కిన కుందేళ్ల నుండే వ్యాధి ఇళ్లకు చేరే అవకాశం ఎక్కువ కావున, క్షేత్రస్థాయి అధికారులు ఈ దుకాణాలపై దృష్టి సారించవలసి ఉన్నది.

టీకా లేదన్న మాట చెప్పి పంపివేయక, బోను ఎక్కడ ఉన్నది, మేత ఏమిటి, ఇంతకుముందు ఏ మందు వాడారు అన్న మూడు ప్రశ్నలు అడిగినచో పశువైద్య సిబ్బంది అనేక కుందేళ్ల ప్రాణాలను కాపాడగలుగుతారు. నోటి ద్వారా ఇచ్చే యాంటీబయాటిక్‌ల ప్రమాదాన్ని పాత్రికేయ మిత్రులు తమ పత్రికలు, ఛానెళ్ల ద్వారా ప్రజలకు విస్తృతంగా తెలియజేయవలసినదిగా కోరడమైనది.

- సమాచార, పౌర సంబంధాల శాఖచే జారీ చేయబడినది.