బయోస్ ఐసీ మార్చే ముందు రాగిరేకు సంగతి చూడు

స్విచ్ వేసిన క్షణాన కంప్యూటర్ ప్రాసెసర్‌కు ఏమీ తెలియదు నాయనా. కీబోర్డు ఎక్కడుందో తెలియదు, డిస్కు ఎక్కడుందో తెలియదు, పక్కనే ఉన్న మెమరీని ఎలా పనిలోకి దింపాలో కూడా తెలియదు. ఆ మొదటి పాఠమంతా మదర్‌బోర్డు మీద చిటికెనవేలి గోరంత ఉండే ఎనిమిది కాళ్ల ఐసీలో రాసి ఉంటుంది. మెకానిక్కులు దాన్ని బయోస్ ఐసీ అంటారు. 1981లో వచ్చిన ఐబీఎం పీసీలో ఈ పాఠం 8 కిలోబైట్లే. ఇప్పటి బోర్డుల్లో 16, 32 మెగాబైట్ల ఐసీలు మామూలైపోయాయి.

ఆ రోజుల్లో పాఠం చెరగని ఐసీలో ఉండేది. తర్వాత చెరిపి మళ్లీ రాసుకునే ఫ్లాష్ ఐసీలు వచ్చాయి. ఆ సౌకర్యంతో పాటు ప్రమాదమూ వచ్చింది. 1999 ఏప్రిల్ 26న సీఐహెచ్ అనే వైరస్ ఎన్నో కంప్యూటర్లలో బయోస్‌ను చెరిపేసింది. చెర్నోబిల్ వైరస్ అన్నది దాన్నే. ఇవాళ వైరస్ దాకా అక్కర్లేదు, అప్‌డేట్ సగంలో ఉండగా కరెంటు పోతే చాలు. పాతకాలపు బోర్డుల్లో చాలావాటిలో ఈ ఐసీ సాకెట్‌లో ఉండేది కాబట్టి చేత్తో పీకి మార్చేవారు. ఇప్పుడు బోర్డుకే టంకం పెట్టేస్తున్నారు. కాబట్టి మార్చాలంటే సోల్డరింగ్ ఐరన్ పట్టాల్సిందే.

ఇక్కడ అందరూ ఐసీ కాలిపోతుందేమోనని భయపడతారు. నా మాట విను, ఐసీ గురించి అంత భయం వద్దు. అది మార్కెట్లో దొరుకుతుంది, ఖరీదూ తక్కువే. ప్రాణంగా చూసుకోవాల్సింది దాని కాళ్ల కింద ఉన్న సన్నటి రాగిరేకుల్ని. వాటిని ప్యాడ్‌లంటారు. గాజునారను ఎపాక్సీతో బిగించి చేసిన పలక మీద ఆ రేకు అతికి ఉంటుంది. వేడి ఎక్కువైతే ఆ పట్టు సడలుతుంది. అప్పుడు ట్వీజర్‌తో ఐసీని లాగావా, రేకు కూడా దానితో లేచి వస్తుంది. టంకం పూర్తిగా కరగకముందే లాగడమే ఈ పనిలో అన్నిటికన్నా పెద్ద తప్పు. కరిగితే ఐసీ దానంతటదే కదులుతుంది, బలం అక్కర్లేదు. పాత ఐసీ చచ్చిపోయిందని ఖాయమైతే సన్నటి కట్టర్‌తో ఒక్కో కాలూ జాగ్రత్తగా కత్తిరించి, మిగిలిన ముక్కల్ని తర్వాత కరిగించి తీసెయ్యడం మేలు.

మరి టంకం ఎందుకు కరగదు? కారణాలు రెండు. 2006 జులై 1 నుంచి యూరప్‌లో ఎలక్ట్రానిక్ వస్తువుల్లో సీసం వాడకంపై నిషేధం వచ్చాక ఫ్యాక్టరీలు సీసం లేని టంకానికి మారాయి. అది దాదాపు 217 డిగ్రీల దగ్గరగానీ కరగదు. పాతరకం సీసం టంకం 183కే కరుగుతుంది. ఇందులో ఒక అందమైన సంగతుంది చూడు. తగరం 232 డిగ్రీల దగ్గర కరుగుతుంది, సీసం 327 దగ్గర. 63 పాళ్ల తగరం, 37 పాళ్ల సీసం కలిపితే ఆ మిశ్రమం రెండింటికన్నా ముందే కరిగిపోతుంది! అందుకే అనుభవజ్ఞులు పాత అతుకుల మీద కొంచెం సీసం టంకం కలుపుతారు. మొత్తం అతుకు తక్కువ వేడికే లొంగుతుంది. పని అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోవడం మరవకు, సీసం ఒంటికి మంచిది కాదు.

రెండో కారణం నాలుగో కాలు. అది గ్రౌండ్. బోర్డు లోపల పరుచుకున్న పెద్ద రాగి పొరకు అది కలిసి ఉంటుంది. రాగి వేడిని మోసుకుపోయే వేగం గాజునార పలక కన్నా వెయ్యి రెట్లకు పైనే. నువ్వు ఐరన్ మొన, అంటే బిట్, ఆనించి ఇచ్చే వేడినంతా ఆ పొర లాగేసుకుంటుంది. మిగతా ఏడు కాళ్లూ కరిగినా ఇదొక్కటే మొండికేస్తుంది. దీనికి సూదిమొన బిట్ పనికిరాదు, వెడల్పు బిట్ కావాలి. వేడిగాలి బ్లోయర్ వాడితే బోర్డునంతా ముందు మెల్లగా వెచ్చబరచు. చుట్టూ ఉన్న నువ్వుగింజంత కెపాసిటర్లు గాలికి ఎగిరిపోకుండా వేడికి తట్టుకునే కాప్టాన్ టేపు అంటించు.

కొత్త ఐసీ పెట్టేటప్పుడు ఫ్లక్స్ దగ్గర లోభం చూపకు. మన కంసాలి బంగారం అతికేముందు వెలిగారం ఎందుకు అద్దుతాడు? లోహం మీద గాలివల్ల పట్టిన పొరను తొలగించి, అతుకు పారేలా చేయడానికి. ఇక్కడ ఫ్లక్స్ చేసేదీ ఆ పనే. అది లేకపోతే టంకం కాలి మీద ముద్దలా కూర్చుంటుంది, ప్యాడ్‌ను పట్టుకోదు. మెకానిక్కులు డ్రై సోల్డర్ అనేది దీన్నే. పైకి అతికినట్టే కనిపిస్తుంది, బోర్డు వేడెక్కగానే వదిలేస్తుంది. సరైన అతుకులో తగరమూ రాగీ కలిసి మధ్యలో కొత్త పొరగా ఏర్పడతాయి, అది జిగురుతో అంటించడం కాదు. అలాగని బిట్ అదేపనిగా ఆనించి ఉంచితే ఆ పొర మందమై పెళుసెక్కుతుంది. రెండు మూడు సెకన్లు చాలు.

కాళ్ల మధ్య దూరం 1.27 మిల్లీమీటర్లు. టంకం ఎక్కువైతే పక్క కాళ్లకు వంతెన పడుతుంది. ఫ్లక్స్ రాసి, రాగి అల్లిక పెట్టి పీల్చేస్తే పోతుంది. దీన్ని సరిదిద్దుకోవచ్చు. తిప్పి పెట్టడం మాత్రం చాలా చెడ్డ తప్పు. నాలుగో కాలు గ్రౌండ్ అయితే సరిగ్గా ఎదురుమూలనున్న ఎనిమిదో కాలు కరెంటు అందుకునేది. ఐసీ అటుదిటు అయిందా, ఈ రెండూ తారుమారవుతాయి. మొదటి కాలి దగ్గర ఐసీ మీద చుక్క ఉంటుంది, బోర్డు మీదా గుర్తు ఉంటుంది. పీకక ముందే ఫోటో తీసిపెట్టుకో. కొనేటప్పుడు వోల్టేజీ కూడా చూడు. 3.3 వోల్టుల బోర్డులో 1.8 వోల్టుల ఐసీ పెడితే అది బతకదు.

ఇంకొక్క మాట. పాత ఐసీ చదవడానికి వీలైతే ప్రోగ్రామర్ అనే పరికరంలో పెట్టి రెండుసార్లు చదివి, ఆ రెండు ఫైళ్లూ ఒక్కటేనా అని సరిచూసి, కొత్త ఐసీలో రాయడానికి దాచుకో. చాలా బోర్డుల్లో సీరియల్ నంబరు, నెట్‌వర్క్ చిరునామా, కొన్నిటిలో విండోస్ తాళంచెవి కూడా అందులోనే ఉంటాయి. కంపెనీ సైట్ నుంచి దింపుకున్న ఫైల్లో నీ బోర్డుకు చెందిన ఇవేవీ ఉండవు.

అన్నీ అయ్యాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ఆరనిచ్చి, నాలుగు, ఎనిమిది కాళ్ల మధ్య షార్ట్ లేదని మల్టీమీటర్‌తో చూసి అప్పుడు స్విచ్ వెయ్యి. కొత్త బోర్డుల్లో మొదటిసారి మెమరీని సరిచూసుకోవడానికి కొన్ని నిమిషాలు పట్టవచ్చు, అంతసేపూ తెర నల్లగానే ఉంటుంది. కంగారుపడి కరెంటు తీసెయ్యకు.