బంధువుల బండే కదా అని ఊరుకుంటే ముప్పే!

పాత ఓపెన్ టాప్ జీపు కొనుగోలులో పేరు మార్పే కీలకం

వేసవి వచ్చిందంటే పల్లె లోగిళ్లలో పాత జీపులకు మళ్లీ పని పడుతుంది. సెలవులకు వచ్చిన పిల్లలను చెరువు గట్టుకు, మామిడి తోటకు తిప్పడానికి, పెళ్లి ముహూర్తాలకు ఊరూరా వెళ్లిరావడానికి పైకప్పు తెరిచిన వాహనం ఎంతో అనువుగా ఉంటుంది. అయితే ఏడాదిలో రెండు మూడు నెలల ముచ్చటకు కొత్త వాహనం కొనడం అందరికీ సాధ్యం కాదు. అందుకే మేనమామ కొట్టంలోనో, బావగారి షెడ్డులోనో ఖాళీగా పడి ఉన్న పాత జీపువైపు పలువురు మొగ్గు చూపుతారు. ధర తక్కువ, బండి చరిత్ర తెలిసిందే, దళారుల బెడద లేదు. కానీ ఈ నమ్మకమే అసలు చిక్కును తెచ్చిపెడుతోంది. డబ్బు చేతులు మారుతుంది, బండి వాకిలి మారుతుంది, రిజిస్ట్రేషన్ పత్రంలో పేరు మాత్రం మారదు.

నగరాల్లో సంపన్నులు కన్వర్టిబుల్ అని పిలుచుకునే పైకప్పు తెరిచే కార్లకు మన ప్రాంతాల్లో సమానమైనది క్యాన్వాసు టాపు జీపే. మహీంద్రా సంస్థ 1947లో విల్లీస్ జీపుల తయారీని చేపట్టింది. 1985లో మారుతి జిప్సీ, 2010లో థార్ రంగప్రవేశం చేశాయి. 2020 అక్టోబరులో వచ్చిన కొత్త థార్‌లోనూ టాపు తెరుచుకునే రకాన్ని విడుదల చేశారు. బంధువుల మధ్య చేతులు మారే బండ్లలో వీటిలోని పాత నమూనాలే ఎక్కువగా కనిపిస్తాయి.

చట్టం దృష్టిలో యజమాని ఎవరు?

మోటారు వాహనాల చట్టం-1988లోని సెక్షన్ 2(30) ప్రకారం రిజిస్ట్రేషన్ ఎవరి పేరున ఉంటే వారే వాహన యజమాని. రుణంపై కొన్న వాహనాలకు మాత్రం కొంత మినహాయింపు ఉంది. సొమ్ము ఎవరు చెల్లించారు, బండి ఎవరి ఇంటి ముందు ఉంది, తెల్లకాగితంపై ఏమి రాసుకున్నారు అన్నవి ఆ తర్వాతి మాటలు.

ఉదాహరణకు బావ పేరున ఉన్న జీపును బావమరిది కొని రెండేళ్లుగా నడుపుతున్నాడనుకుందాం. బీమా గడువు ముగిసిన సంగతి ఎవరూ గమనించలేదు. ఒక రాత్రి ఆ జీపు ఢీకొని బాటసారి మరణించాడు. మృతుని కుటుంబం వేసే పరిహారం కేసులో నడిపిన బావమరిదితో పాటు పత్రంలో పేరున్న బావ కూడా ప్రతివాదే. బండి ఎప్పుడో అమ్మేశానని రసీదు చూపినంత మాత్రాన ఆయన బాధ్యత తీరదు.

ఈ విషయంలో సుప్రీంకోర్టు 2018 ఫిబ్రవరిలో స్పష్టమైన తీర్పు ఇచ్చింది. ఆ కేసులో కారు ఒకరి నుంచి ఒకరికి పలు చేతులు మారింది. పేరు మార్పు మాత్రం జరగలేదు. ప్రమాదం జరిగిన నాటికి రిజిస్ట్రేషన్‌లో ఉన్న మొదటి వ్యక్తే యజమాని అని, పరిహారం బాధ్యత ఆయనదేనని న్యాయస్థానం తేల్చింది. పరిహారం కోసం బాధితులు ఒకరి తర్వాత ఒకరి వెంట తిరిగే దుస్థితి రాకూడదన్నదే ఇందులోని ఆంతర్యం.

సంతకాల ఫారాలు పెట్టెలో పెడితే చాలదు

ఖాళీ ఫారాలపై సంతకాలు చేయించుకుని బీరువాలో దాచుకోవడం పలుచోట్ల ఆనవాయితీగా మారింది. వాయిదాల్లో సొమ్ము చెల్లించే ఒప్పందమైతే, చివరి వాయిదా అందేదాకా పేరు మార్చనని అమ్మినవారు పట్టుబట్టడమూ కద్దు. ఈ పద్ధతి తమకు రక్షణ అని వారు భావిస్తారు. వాస్తవం ఇందుకు విరుద్ధం. బండి ఎదుటివారి చేతిలో, బాధ్యత తమ నెత్తిన ఉన్న కాలమంతా ఎక్కువ ప్రమాదంలో ఉండేది అమ్మినవారే. మిగిలిన సొమ్ముకు విడిగా ప్రామిసరీ నోటు రాయించుకుని, పేరు మార్పు వెంటనే పూర్తిచేయడం ఉభయులకూ శ్రేయస్కరం.

పేరు మార్పు ఇలా...

* అమ్మినవారు 14 రోజుల్లోగా ఫారం 29 ద్వారా రవాణా శాఖకు సమాచారం ఇవ్వాలి. ఫారం 30పై ఇరువురూ సంతకాలు చేయాలి.
* కొన్నవారు 30 రోజుల్లోగా బదిలీ విషయాన్ని తమ పరిధిలోని రిజిస్టరింగ్ అధికారికి తెలియజేయాలి.
* అసలు ఆర్సీ, అమల్లో ఉన్న బీమా, కాలుష్య ధ్రువపత్రం, చిరునామా ఆధారాలు సిద్ధంగా ఉంచుకోవాలి.
* బండిపై రుణం ఉండి తీరిపోయినట్లయితే, బ్యాంకు లేదా ఫైనాన్సు సంస్థ ఇచ్చే నిరభ్యంతర పత్రంతో పాటు ఫారం 35 సమర్పించి ఆర్సీలో ఆ పద్దు తొలగింపజేసుకోవాలి. అప్పు తీరినా ఈ పని చేయని బండ్లకు బదిలీ వేళ ఆటంకం తప్పదు.
* బండిపై పెండింగ్ చలానాలు ఉన్నాయేమో ముందుగానే చూసుకోవాలి.

పెద్దనాన్న ప్రేమతో ఉచితంగా ఇచ్చిన బండికైనా ఇదే పద్ధతి వర్తిస్తుంది. సొమ్ము తీసుకోనంత మాత్రాన బదిలీ అవసరం లేదనుకోవడం పొరపాటు.

యజమాని మరణించిన సందర్భంలో నిబంధన వేరు. వారసులు 30 రోజుల్లోగా మరణ సమాచారం తెలియజేసి, మూడు నెలల్లోగా ఫారం 31తో దరఖాస్తు చేయాలి. చనిపోయిన వ్యక్తి పేరున ఉన్న బండిని నేరుగా కొనకుండా, ముందు వారసుని పేరుకు మారిన తర్వాతే బేరం కుదుర్చుకోవడం మేలు.

బీమా కూడా మారాల్సిందే

ఆర్సీ మారితే బీమా దానంతటదే మారుతుందన్నది సగం నిజం మాత్రమే. సెక్షన్ 157 ప్రకారం ఎదుటివారికి కలిగే నష్టానికి సంబంధించిన థర్డ్ పార్టీ రక్షణ కొన్నవారికి సంక్రమించినట్లే భావిస్తారు. సొంత బండికి జరిగే నష్టానికి ఈ సౌలభ్యం లేదు. బదిలీ జరిగిన 14 రోజుల్లోగా బీమా సంస్థకు దరఖాస్తు చేసి పాలసీని తమ పేరుకు మార్పించుకోవాలి. లేనిపక్షంలో జీపు బోల్తాపడి నుజ్జయినా పైసా రాని పరిస్థితి ఎదురవుతుంది.

యజమాని నడుపుతూ మరణిస్తే లభించే రూ.15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమాకు కూడా ఆర్సీ, పాలసీ ఆయన పేరునే ఉండాలి. పేరు మార్చుకోకుండా నడిపే కుటుంబ పెద్దకు ఏదైనా జరిగితే భార్యాబిడ్డలు ఈ రక్షణకు దూరమవుతారు. క్లెయిము చేయనందుకు లభించే నో క్లెయిమ్ బోనస్ వ్యక్తికి చెందినదే తప్ప వాహనానికి చెందినది కాదు. అమ్మిన బంధువుకు 50 శాతం తగ్గింపు ఉన్నా కొన్నవారికి అది రాదు. ఆ మేరకు అదనపు ప్రీమియం చెల్లించాలి.

వేసవిలో మాత్రమే తీసే బండికి ఏడాదంతా బీమా ఎందుకన్న వాదన వినిపిస్తుంటుంది. రోడ్డెక్కేది ఒక్కరోజైనా థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి. గడువు ముగిసి 90 రోజులు దాటితే అప్పటిదాకా కూడబెట్టుకున్న బోనస్ కూడా పోతుంది.

రాష్ట్రం దాటి వస్తే...

తెలుగువారి బంధుత్వాలు రెండు రాష్ట్రాల్లోనూ, బెంగళూరు, చెన్నై వంటి నగరాల్లోనూ విస్తరించి ఉన్నాయి. అక్కడి నుంచి బండి తెస్తే ఫారం 28 ద్వారా నిరభ్యంతర పత్రం తప్పనిసరి. అమ్మినవారు ఈ ప్రక్రియను 45 రోజుల్లోగా పూర్తిచేయాలి. పన్నెండు నెలలకు మించి ఇక్కడ ఉంచదలిస్తే కొత్త నంబరు తీసుకోవాలి. జీవితకాల పన్ను కూడా ఈ రాష్ట్రంలో చెల్లించాలి. బేరమాడేటప్పుడే ఈ ఖర్చును లెక్కలో వేసుకోకపోతే చవక బేరం కాస్తా భారమవుతుంది.

సొంత వాహనాల రిజిస్ట్రేషన్ 15 ఏళ్ల వరకే చెల్లుతుంది. ఆపై ఐదేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి. జీపులు, కార్లకు ఈ రుసుమును 2022 ఏప్రిల్ నుంచి రూ.600 బదులు రూ.5,000గా చేశారు. 20 ఏళ్లు దాటిన వాటికి 2025లో మరింత పెంచారు. దీనికి హరిత పన్ను అదనం. పసుపు నంబరు పలక ఉన్న జీపు అయితే అది అద్దె వాహనం కింద నమోదైందని గ్రహించాలి. దాని పన్ను, ఫిట్‌నెస్ నిబంధనలు వేరు.

టాపు కోయిస్తే నేరమే

పైకప్పు ఉన్న బండిని కొని మెకానిక్ షెడ్డులో కోయించి ఓపెన్ టాప్‌గా మార్చడం చట్టరీత్యా చెల్లదు. తయారీదారు నిర్దేశించిన రూపానికి భిన్నంగా వాహనాన్ని మార్చరాదని సెక్షన్ 52 చెబుతుండగా, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే స్పష్టం చేసింది. అదే ఏడాది వచ్చిన చట్ట సవరణ ప్రకారం ఇలాంటి ఒక్కో మార్పుకు యజమానికి ఆరు నెలల వరకు జైలు లేదా రూ.5 వేల జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. అందువల్ల ఆర్సీలో ఉన్న వివరాలతో బండి రూపం, ఇంజిన్, ఛాసిస్ నంబర్లు సరిపోలుతున్నాయో లేదో సరిచూసుకోవాలి.

బండిని చూసేటప్పుడు...

ఎక్కువ కాలం నిలిపి ఉంచిన బండికి తిరిగిన బండి కంటే రోగాలు ఎక్కువ. ఉదయం చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేసి చూడాలి. నీలిరంగు పొగ వస్తే ఇంజిన్‌లో ఆయిల్ మండుతున్నట్లు లెక్క. టాపు చిరుగుల్లోంచి వాననీరు దిగి నేలరేకు తుప్పుపట్టే అవకాశం ఉన్నందున చాపలు ఎత్తి పరిశీలించాలి. టైర్లు నున్నగా అరగకపోయినా వయసు మీరి పగుళ్లు బారి ఉండవచ్చు. టైరు పక్కగోడపై ఉండే నాలుగంకెలు తయారైన వారాన్ని, సంవత్సరాన్ని తెలుపుతాయి. 2318 అని ఉంటే 2018లో 23వ వారం అని అర్థం. బ్రేకులు, రేడియేటర్ సరిచూడకుండా ఎండల్లో దూర ప్రయాణానికి దిగరాదు.

ఓపెన్ జీపు బోల్తాపడితే లోపలివారికి పైకప్పు రక్షణ ఉండదు. పిల్లలను వెనుక నిలబెట్టి తిప్పడం ప్రాణాలతో చెలగాటమే.

అడగడానికి మొహమాటం వద్దు

"మా మీద నమ్మకం లేదా?" అన్న మాట వస్తుందేమోనన్న సంకోచమే పేరు మార్పును ఏళ్ల తరబడి వాయిదా వేయిస్తోంది. నిజానికి పత్రాలు మార్పించుకోవడం బంధువును అనుమానించడం కాదు, ఆయనను కోర్టుల చుట్టూ తిరగకుండా కాపాడటం. బంధుత్వం బంధుత్వమే, లెక్క లెక్కే. తాళాలు చేతికి తీసుకున్న వారంలోనే ఇరువురూ కలిసి రవాణా కార్యాలయానికి వెళ్లి వస్తే జీపూ మిగులుతుంది, చుట్టరికమూ నిలుస్తుంది.