అశ్వహృదయమా? అక్షహృదయమా?

భారతమున అరణ్యపర్వములోని నలోపాఖ్యానము చదివినవారికి ఒక ఘట్టము తప్పక జ్ఞాపకముండును. జూదమున రాజ్యము పోగొట్టుకొని, కర్కోటకుని కాటుచే రూపము మాఱి, బాహుకుడను పేర సారథియైన నలుడు ఋతుపర్ణుని రథమును అయోధ్యనుండి విదర్భకు తోలుచుండును. దారిలో ఆ రాజు ఒక తాండ్రచెట్టును చూచి దాని ఆకులు, కాయలు ఇన్నియని లెక్క చెప్పును. నలుడు రథమాపి ఎంచి చూడగా ఆ లెక్క సరిపోవును. అంతట ఇద్దఱును తమ విద్యలను మార్చుకొనుటకు ఒప్పుకొందురు. నలునిది అశ్వహృదయము, ఋతుపర్ణునిది అక్షహృదయము. ఒకటి గుఱ్ఱమును ఎఱుగు విద్య, రెండవది పాచికను ఎఱుగు విద్య. కథలో అవి వేర్వేఱు మనుష్యుల సొత్తు. గుఱ్ఱపు పందెముల మైదానమున మాత్రము ఆ రెండును ఒకే టిక్కెట్టుమీద అమ్ముడగుచున్నవి.

ఈ పందెములు విద్యయా, జూదమా అను ప్రశ్న మన దేశమున చట్టసభలకు ఎక్కినది, న్యాయస్థానములకు ఎక్కినది, పన్నుల శాఖకును ఎక్కినది. సమాధానము ఒక్కొక్కచోట ఒక్కొక్క విధముగా వచ్చినది. పందెముల నియమములను కొంత లోతుగా చూచినచో ఈ చిక్కు ఎక్కడ పుట్టినదో తెలియును. ఆ నియమములు ఎవరిని కాపాడుచున్నవో, ఎవరిని మఱచినవో అదియు తెలియును.

మన పూర్వులకు గుఱ్ఱముపై శ్రద్ధ తక్కువ కాదు. మనుమంచిభట్టు హయలక్షణ విలాసమను పద్యగ్రంథమునే రచించెను. మనవారు సుడులను, వన్నెలను చూచి గుఱ్ఱపు మంచిచెడ్డలు నిర్ణయించిరి. ఇంగ్లీషువారు సుడులకంటె వంశమును నమ్మిరి. 17వ శతాబ్ది చివరను, 18వ శతాబ్ది మొదటను ప్రాగ్దేశములనుండి ఇంగ్లండు చేరిన మూడు మగగుఱ్ఱములు, అనగా బయర్లీ టర్కు, డార్లీ అరేబియను, గొడాల్ఫిను అరేబియను, నేటి థరోబ్రెడ్ జాతికి మూలపురుషులు. నేడు ప్రపంచమున ఏ మైదానమునందు పరుగెత్తు థరోబ్రెడ్డైనను పితృవంశక్రమమున ఈ మూడింటిలో ఒకదానికి చేరవలసినదే. 1791లో వెదర్బీ అను నతడు ఈ వంశావళులను పుస్తకముగా కూర్చుట మొదలిడెను. ఆ పుస్తకమున ఎక్కని గుఱ్ఱము ఎంత వేగము గలదైనను ఈ పందెములకు పనికిరాదు. కృత్రిమ గర్భధారణచే పుట్టిన పిల్లకు అందు చోటు లేదు. తల్లిదండ్రుల సహజసంయోగముననే పుట్టియుండవలెను. మనుష్యుల గోత్రప్రవరలలో సైతము ఇంతటి పట్టింపు కానరాదు.

వయస్సు విషయమున మఱియొక వింత కలదు. ఉత్తరార్ధగోళమున పుట్టిన ప్రతి థరోబ్రెడ్డునకును జన్మదినము జనవరి 1వ తేదియే. దక్షిణార్ధగోళమున ఆగస్టు 1. మే నెలలో పుట్టిన పిల్లకును, జనవరిలో పుట్టిన పిల్లకును లెక్కలో వయస్సు ఒక్కటే. ఇది లెక్కల సౌకర్యమునకు చేసిన ఏర్పాటు. దీని బరువు ఎవరిమీద పడుచున్నదో ముందు చెప్పెదను.

నియమములలో అన్నిటికంటె ఆలోచింపదగినది బరువుల నియమము. ఎప్సము మైదానమున 1780లో మొదలైన డెర్బీ వంటి గొప్ప పందెములలో మూడేండ్ల గుఱ్ఱములన్నియు సమానమైన బరువు మోయును. గోడిగలకు మాత్రము 3 పౌనుల తగ్గింపు ఉండును. అచ్చట మేలైనది గెలుచును. ఇది నిస్సందేహముగా అశ్వహృదయమే. కాని పందెములలో అధికభాగము అట్టివి కావు. అవి హాండీక్యాపు పందెములు. అందు ప్రతి గుఱ్ఱపు వెనుకటి పరుగులను పరిశీలించి ఒక అధికారి దానికి బరువు నిర్ణయించును. బలమైనదానికి ఎక్కువ, బలహీనమైనదానికి తక్కువ. జాకీ బరువు చాలనిచో జీనుక్రింద సీసపు రేకులు చేర్చి సరిపుచ్చుదురు. ఆ అధికారి కోరిక యేమి? అన్ని గుఱ్ఱములును గమ్యమును ఒకేసారి చేరవలెనని! అనగా, గుఱ్ఱమును ఎఱిగినవానికి గల ఆధిక్యమును వీలైనంతవఱకు చెఱిపివేయుటయే అతని వృత్తి. తరగతిలో మొదటి విద్యార్థి వీపున ఇటుకలు కట్టి పరీక్ష వ్రాయించినట్లున్నది. ఆ మాట పుట్టుక కూడ విచిత్రమే: టోపీలో చేయిపెట్టి ఆడు ఒక పాత ఇంగ్లీషు బేరపు ఆటనుండి అది వచ్చినది.

మోసమును అరికట్టుటకు చేసిన నియమములు లెక్కకు మిక్కిలి. మోసము ఎంత పాతదో మనకు తెలియనిది కాదు. ఉచ్చైశ్శ్రవపు తోక నల్లనా తెల్లనా అని కద్రువ, వినత దాస్యము ఒడ్డి పందెము వైచుకొనిరి గదా. కద్రువ తన కొడుకులను తోకకు చుట్టుకొని నల్లగా కనిపింపజేయుడని కోరగా, కర్కోటకుడు ఒప్పుకొనెను. (నలుని కఱచి రూపు మార్చిన కర్కోటకుడు మనకు ముందే తారసిల్లెను, రూపములు మార్చుట ఆ పేరుగలవారికి వృత్తి కాబోలు.) 1844 నాటి డెర్బీలో అచ్చముగా ఇట్టిదే జరిగినది. మూడేండ్ల గుఱ్ఱములకు మాత్రమే అర్హతగల ఆ పందెమును రన్నింగ్ రైను అను పేరుతో గెలిచినది నిజమునకు మక్కబీయసు అను నాలుగేండ్ల గుఱ్ఱమని లార్డు జార్జి బెంటింకు బయటపెట్టెను. వ్యాజ్యము కోర్టు కెక్కినది. పండ్లు పరీక్షించుటకు గుఱ్ఱమును హాజరు పఱుపుడని న్యాయమూర్తి ఆజ్ఞాపింపగా, ఆ గుఱ్ఱము దొరకలేదు! విజయము రెండవదైన ఆర్లాండోకు దక్కినది.

నేడు అట్టి మాఱుగుఱ్ఱమును తెచ్చుట కష్టము. మెడచర్మము క్రింద చిన్న ఎలక్ట్రానిక్ గుర్తు, నెత్తుటి కణముల పరీక్షచే వంశనిర్ధారణ వచ్చినవి. జాకీని పరుగునకు ముందు తూచెదరు, వెనుక తూచెదరు. తూకము తప్పినచో గెలుపు రద్దగును. జాకీ పందెము కాయరాదు. గెలిచిన గుఱ్ఱపు మూత్రమును, రక్తమును మందులకై పరీక్షింతురు. అమెరికాలో 2021 కెంటకీ డెర్బీని గెలిచిన మెడీనా స్పిరిట్ శరీరమున బీటామెథసోను అను మందు కనబడగా, 2022లో ఆ గెలుపును తీసివేసిరి. స్టీవార్డులనబడు పెద్దలు దారి అడ్డగించిన జాకీని విచారించి శిక్షింతురు. వీనిని చదివిన యెవనికైనను మెచ్చుకొనబుద్ధి పుట్టును. మన యెన్నికలలోను, పరీక్షలలోను ఇంత కట్టుదిట్టము లేదే యని నాకు పలుమాఱులు తోచినది.

ఐనను ఈ కట్టుబాట్లలో పెక్కు పందెగాని రూపాయిని కాపాడుటకు పుట్టినవే. టోటు అను పద్ధతిని చూడుడు. పారిసులో 1860ల దశాబ్దిలో జోసెఫ్ ఓలెర్ కల్పించిన ఈ ఏర్పాటున అందఱి పందెములును ఒక రాశిగా చేరును. అందుండి పన్నును, నిర్వాహకుల భాగమును ముందే తీసివేసి, మిగిలినదానిని గెలిచినవారికి పంచుదురు. గుఱ్ఱము ఏది గెలిచినను నిర్వాహకునికి నష్టము లేదు. పందెగాడు ఆడునది గుఱ్ఱముతో కాదు, తోడి పందెగాండ్రతో. మొత్తముమీద వారందఱును కలిసి పెట్టినదానికంటె తక్కువయే వారికి తిరిగివచ్చును. ఋతుపర్ణుని లెక్క వచ్చినవాడు ఈ సంగతిని ఒక్క నిమిషములో గ్రహించును.

మదరాసు రాష్ట్రపు 1930 నాటి జూదనిషేధ చట్టము, పరుగు దినమున స్టీవార్డులు ఏర్పఱచిన ఆవరణలో కాయు పందెమును జూదముగా లెక్కింపక విడిచినది. 1974లో తమిళనాడు ప్రభుత్వము ఆ మినహాయింపును తీసివేయు చట్టము చేసెను; 1986లో మదరాసు రేసు క్లబ్బునే స్వాధీనపఱచుకొను చట్టము చేసెను. డాక్టరు లక్ష్మణన్ వ్యాజ్యములో సుప్రీము కోర్టు 1996 జనవరి 12న తీర్పు చెప్పుచు, గుఱ్ఱపు పందెము ప్రధానముగా నైపుణ్యక్రీడ యనియు, దానిపై పందెము జూదము కాదనియు నిర్ణయించి, 1986 నాటి చట్టమును కొట్టివేసెను. 1967లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము కక్షిగా నున్న సికింద్రాబాదు వ్యాజ్యములో రమ్మీ పేకాటను గూర్చియు ఆ కోర్టు ఇట్టి మాటయే చెప్పియుండెను. కాని పన్నులవారి కన్ను వేఱు. 2023 అక్టోబరు 1 నుండి పందెపు పూర్తి మొత్తముపై 28 శాతము, 2025 సెప్టెంబరు 22 నుండి 40 శాతము పన్ను విధింపబడినది. ఆ పట్టికలో గుఱ్ఱపు పందెము లాటరీ, క్యాసినోల ప్రక్కనే కూర్చున్నది.

న్యాయస్థానము చెప్పినది తప్పని నేననను. గుఱ్ఱమును పెంచుటలో, శిక్షణ యిచ్చుటలో, స్వారిలో విద్య నిండియున్నది. నా సందేహము ఒక్కటే: ఆ విద్య ఎవరిది? శిక్షకునిది, జాకీది. ఆవరణలో చీటీ పట్టుకొని నిలిచిన గుమాస్తాది కాదు. వానిలోను వెనుకటి పరుగులను నిశితముగా చదువువారు లేకపోలేదు. కాని వారి చదువును సమము చేయుటకే హాండీక్యాపు ఉన్నదని చూచితిమి. నలుని విద్యను చూపి ఋతుపర్ణుని సరకు అమ్మినట్లున్నది. ఇంటి జీతము మైదానమున విడిచివచ్చిన తండ్రుల బిడ్డలు మన బడులలో చదువుచున్నారు. సుప్రీము కోర్టు దానిని నైపుణ్యమన్నదను మాట ఆ బిడ్డల రుసుమునకు అక్కఱకు రాదు.

ఇక గుఱ్ఱము మాట. అర టన్ను బరువు, గంటకు 60 కిలోమీటర్ల వేగము, మణికట్టంత సన్నని కాళ్ళు. రెండేండ్ల ప్రాయముననే దానిని పరుగునకు దింపుదురు. జనవరి 1 లెక్క పుణ్యమా యని, మేలో పుట్టిన పిల్ల ఏప్రిలులో పరుగెత్తినచో దానికి నిజముగా రెండేండ్లును నిండవు. వెన్నెముక పూర్తిగా ముదురుటకు అయిదాఱేండ్లు పట్టును. మితమైన వ్యాయామము లేతప్రాయమున ఎముకకు బలమిచ్చునని పశువైద్యులు చెప్పుదురు, అది నిజమే; కాని పందెపు పరుగు మితమైనది కాదు. కాలు విఱిగిన గుఱ్ఱము మూడు కాళ్ళపై చిరకాలము నిలువలేదు, మంచమున పడుకొనలేదు. అందుచే మైదానముననే తెర అడ్డము పట్టి దానికి ప్రాణవిముక్తి కలిగింతురు.

ఈ విషయమున ఏమియు కదలలేదనుట అన్యాయము. బ్రిటనులో 2023 నుండి కొరడాను చదును పరుగులలో 6 మాఱులు, కంచెల పరుగులలో 7 మాఱులు మించి వాడరాదు. పరిమితికి 4 దెబ్బలు దాటినచో గుఱ్ఱపు గెలుపే పోవును. కాలిఫోర్నియాలోని శాంటా అనీతా మైదానమున 2019లో 30కి పైగా గుఱ్ఱములు మరణింపగా దేశము కలతపడి, 2020లో అమెరికా ప్రభుత్వము జాతీయ చట్టము చేసెను. గుఱ్ఱమునకై నియమము చేయవలెనని తలచినచో చేయగలరని దీనివలన తేలుచున్నది. వంశావళి పుస్తకమున పుట్టుకను వ్రాయువారు ముగింపును కూడ వ్రాయవలెనని నా కోరిక. పరుగు మానిన గుఱ్ఱము ఎవరి యింటికి పోయెను, స్వారిబడికా, పెళ్ళి ఊరేగింపులకా, ఎప్పుడు, ఎట్లు మరణించెను? ఈ నాలుగు గడులు నింపుట, తాతముత్తాతల పేర్లు నింపినవారికి అసాధ్యము కాదు.

హైదరాబాదున మలకపేటలో ఆఱవ నిజాము కాలమునుండి పందెములు జరుగుచున్నవి. పరుగు దినమున అచ్చట రేసు పుస్తకము అమ్ముదురు. అందు గుఱ్ఱపు పేరు, తండ్రి పేరు, తల్లి పేరు, వన్నె, వయస్సు, మోయవలసిన బరువు, యజమాని, శిక్షకుడు, జాకీ, వాని చొక్కా రంగులు అన్నియు ఉండును. నిరుటి పుస్తకములో ఉండి ఈయేటి పుస్తకములో లేని గుఱ్ఱము ఏమయ్యెనో అందుండదు.