కాగితమంత చోటూ కరవే!
గుడ్ల కోళ్లకు ఇరుకు పంజరాలు.. విశాలం చేస్తే రైతుకు భారం

తణుకు: గుడ్ల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్‌ది దేశంలోనే ప్రథమ స్థానం. 2022-23లో దేశంలో ఉత్పత్తయిన గుడ్లలో దాదాపు ఐదో వంతు ఈ రాష్ట్రానివే. ఉభయ గోదావరి జిల్లాల్లో ఎన్నో కుటుంబాలకు కోళ్ల ఫారాలే జీవనాధారం. అయితే ఆ గుడ్డు పెట్టే కోడి మాత్రం బతికినన్నాళ్లూ రెక్క చాపి ఎరుగదు. దానికి ఎంత చోటు దక్కుతోంది, ఎంత దక్కాలి, ఆ భారం ఎవరిది అన్న ప్రశ్నలు పరిశ్రమ ముందున్నాయి.

పంజరం ఎందుకు?
ఇనుప తీగల పంజరాల్లో రెట్ట కిందికి జారిపోతుంది. గుడ్డు దొర్లుకుంటూ ముందుకు వస్తుంది. దాణా వృథా కాదు. రెట్ట ద్వారా సోకే రోగాలూ తగ్గుతాయి. కొద్దిమంది కూలీలతోనే వేల కోళ్లను సాకవచ్చు. ఈ సౌలభ్యాల వల్లే ఈ పద్ధతి పాతుకుపోయింది.

కోడికి కష్టమేమిటి?
ఇలాంటి ఫారాల్లో సాధారణంగా ఒక్కో కోడికి దక్కేది సుమారు 450 చదరపు సెంటీమీటర్లు. ఏ4 కాగితం వైశాల్యమే 624 చదరపు సెంటీమీటర్లు. గూడు వెతుక్కోవడం, మట్టిలో పొర్లడం, కొమ్మపై వాలడం కోడికి పుట్టుకతో వచ్చిన గుణాలు. పంజరంలో వీటిలో ఏ ఒక్కటీ సాధ్యం కాదు. ఒక్కో గుడ్డు పెంకుకు సుమారు 2 గ్రాముల కాల్షియం ఖర్చవుతుంది. అందులో కొంత ఎముకల నుంచే వస్తుంది. దీనికితోడు కదలిక లేకపోవడంతో ఎముకలు పెళుసుబారి కాళ్లు చచ్చుబడతాయి. కోడికి చెమట పట్టదు. రొప్పుతూనే ఒంటి వేడిని తగ్గించుకుంటుంది. అందుకే ఎండలు ముదిరితే కిక్కిరిసిన షెడ్లలో మరణాలు పెరుగుతాయి. రోగం చొరబడినా ఇదే తీరు. 2025 ఫిబ్రవరిలో తణుకు మండలం వేల్పూరు, పెరవలి మండలం కానూరు అగ్రహారంలోని ఫారాల్లో బర్డ్ ఫ్లూ నిర్ధారణ కావడం తెలిసిందే. ఆరుబయట తిరిగే కోళ్లకూ ఈ వైరస్ సోకుతుంది. కానీ వేల కోళ్లు ఒకేచోట ఉంటే వ్యాప్తి వేగం, నష్టం రెండూ ఎక్కువే.

చట్టం ఏమంటోంది?
కదలడానికి తగినంత చోటు లేని పంజరంలో ఏ జంతువునైనా బంధించడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం 11వ సెక్షన్ ప్రకారం నేరం. కోళ్ల పెంపకానికి ప్రత్యేక నియమాలు అవసరమని లా కమిషన్ 2017 జులైలో తన 269వ నివేదికలో సిఫార్సు చేసింది. ఆ తర్వాత కేంద్రం 2023లో తెచ్చిన నియమాలు ఒక్కో గుడ్ల కోడికి కనీసం 550 చదరపు సెంటీమీటర్ల చోటు ఉండాలన్నాయి. ఐరోపా సమాఖ్య 2012 జనవరి 1 నుంచి సాధారణ పంజరాలను నిషేధించి, గూడు, వాలేందుకు కర్ర ఉన్న 750 చదరపు సెంటీమీటర్ల పంజరాలను మాత్రమే అనుమతించింది.

లెక్క ఇదీ..
ఉదాహరణకు 18 అంగుళాల వెడల్పు, 15 అంగుళాల లోతు ఉన్న గదిలో నాలుగు కోళ్లు ఉంటే ఒక్కోదానికి 435 చదరపు సెంటీమీటర్లే వస్తుంది. నిబంధన పాటించాలంటే మూడింటినే ఉంచాలి. అంటే 10 వేల కోళ్లున్న షెడ్డులో 7,500 మాత్రమే మిగులుతాయి. షెడ్డు అప్పు, కరెంటు బిల్లు మాత్రం తగ్గవు. గుడ్డు ధర రైతు చేతిలో ఉండదు. దాణా ధర అసలే ఉండదు. కోళ్ల సంఖ్య తగ్గితే ఆ నష్టాన్ని ఎవరు భరించాలన్నదే అసలు చిక్కు.

పంజరాలు మార్చకముందే చేయగలిగినవీ ఉన్నాయి. వేసవికి ముందే గదికో కోడిని తగ్గించడం, పైకప్పుపై నీరు చల్లడం, గాలి ఆడేలా చూడటం, అమ్మోనియా ఘాటు పెరగక ముందే రెట్ట తొలగించడం వంటి జాగ్రత్తలతో మరణాలను తగ్గించుకోవచ్చు. మళ్లీ గుడ్లు పెట్టించేందుకు కోళ్లను రోజుల తరబడి పస్తులుంచే పద్ధతిని మానుకోవాలని జంతు సంక్షేమ మండలి 2011లోనే స్పష్టం చేసింది. కొత్తగా షెడ్డు వేసే రైతు మాత్రం 550 కొలతను ముందే లెక్కలో పెట్టుకుంటే తర్వాత పంజరాలు విప్పి మళ్లీ బిగించే ఖర్చు తప్పుతుంది.