మూడు నెలల్లో ఏది నేర్పొచ్చు?

కాజీపేట మీదుగా ఢిల్లీ రైలెక్కిన తెలుగువాళ్లు బల్లార్షా, చంద్రపూర్ దాటాక వరోరా స్టేషన్‌ను కిటికీలోంచి చూసే ఉంటారు. మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లాలో ఒక తాలూకా కేంద్రం అది. చుట్టూ పత్తి, సోయాబీన్ చేలు, కాస్త దూరంలో బొగ్గు గనులు. శ్రీకాకుళం వైపు రాజాంలో మొదలైన జీఎంఆర్ సంస్థకు 600 మెగావాట్ల విద్యుత్ కేంద్రం ఇక్కడే ఉంది. ఇదే జిల్లాలోని రాజురా 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలో భాగం కాబట్టి ఈ ప్రాంతంలో కొట్టు బోర్డు మరాఠీలో ఉన్నా, బేరం హిందీలో సాగినా, ఇంట్లో తెలుగు వినపడటం వింతేమీ కాదు. ఇలాంటి ఊళ్లో పన్నెండో తరగతి పాసైన పిల్లలకు ఇంటా బయటా వినిపించే సలహా ఒకటే: ఏదైనా కంప్యూటర్ కోర్సు చెయ్యి. కొన్నేళ్లుగా దానికి కొత్త తోకలు వచ్చాయి. గ్రాఫిక్ డిజైన్, వీడియో ఎడిటింగ్, డిజిటల్ మార్కెటింగ్. కాలం రెండు నెలలో, మూడు నెలలో. ఇంత తక్కువ కాలంలో ఏమొస్తుందని పెదవి విరిచేవాళ్లు చాలామందే ఉన్నారు. నా వాదన వేరు. కోర్సు చిన్నది కావడం తప్పు కాదు. చిన్న కోర్సు పెద్ద ఉద్యోగాన్ని ఆశ చూపడం తప్పు. మూడు నెలల్లో డిజైనర్ తయారు కాడు. కానీ ఊళ్లో నలుగురు డబ్బిచ్చి చేయించుకునే ఒక పనిని ఆసాంతం చేయగల మనిషి తయారవుతాడు, అదీ కోర్సు ఆ పని చుట్టూ అల్లినప్పుడు.

మహారాష్ట్రకు ఈ చిన్న కోర్సుల అనుభవం తక్కువేమీ కాదు. 2001లో మహారాష్ట్ర నాలెడ్జ్ కార్పొరేషన్ ఎంఎస్‌సీఐటీ అనే కోర్సు మొదలుపెట్టింది. పట్నాల్లోనే కాదు, తాలూకా కేంద్రాల్లో, పెద్ద పల్లెల్లో ప్రైవేటు కంప్యూటర్ సెంటర్లను కలుపుకుని దాన్ని నడిపింది. సర్టిఫికెట్టు రాష్ట్ర సాంకేతిక విద్యా మండలి ఇస్తుంది, ప్రభుత్వ ఉద్యోగాలకు అది అర్హతగా పనికొస్తుంది. దాంతో లక్షలాది మంది చేరారు. మౌస్ పట్టుకోవడం రానివాళ్లకు అది చేసిన మేలు కాదనలేం. కానీ ఒక అలవాటును కూడా అది పాతేసింది: కోర్సు అంటే కాగితం కోసం. ఉద్యోగ దరఖాస్తుకు జత చేసే ఆ కాగితానికి విలువ ఉన్నంత కాలం లోపల ఏం నేర్చుకున్నారని అడిగేవాళ్లు ఉండరు. అదే సంస్థ తరవాత తెచ్చిన క్లిక్ కోర్సుల్లో డీటీపీ, గ్రాఫిక్ డిజైన్ లాంటివి ఉన్నాయి. ఇక్కడ మాత్రం ఆ అలవాటు చెల్లదు. ఫ్లెక్సీ దుకాణం యజమాని సర్టిఫికెట్టు చూడడు, కుర్చీలో కూర్చోబెట్టి ఒక పని ఇస్తాడు.

ఈ రంగంలో ప్రభుత్వ దారులూ ఉన్నాయి. ఐటీఐల్లో డెస్క్‌టాప్ పబ్లిషింగ్ ఆపరేటర్, మల్టీమీడియా యానిమేషన్ లాంటివి ఏడాది ట్రేడులు. 2015 జులైలో మొదలైన ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజన కొన్ని వందల గంటల శిక్షణలిస్తుంది. 2023 అక్టోబరులో మహారాష్ట్ర ఒకేసారి 511 ప్రమోద్ మహాజన్ గ్రామీణ నైపుణ్య కేంద్రాలను తెరిచింది. చోట్లకు కొదవ లేదు. కొదవంతా ఏం నేర్పాలన్న దాంట్లో.

చాలా సెంటర్లలో పాఠం మెనూ వెంట నడుస్తుంది. మొదటి వారం ఫైల్ మెనూ, రెండో వారం ఎడిట్ మెనూ, ఆ తరవాత పరికరాల పెట్టెలోని బొమ్మలు ఒక్కొక్కటీ. చివరకు నూరు బటన్ల పేర్లు చెప్పగల విద్యార్థికి ఒక్క పెళ్లి కార్డు పూర్తి చేయడం రాదు. పైగా ఆ బటన్లూ నిలవవు. పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్‌కు 2001 తరవాత కొత్త వెర్షన్ రాలేదు, అయినా దాన్ని నేర్పే సెంటర్లు ఆ తరవాత చాలా ఏళ్లు నేర్పుతూనే వచ్చాయి. ఒకప్పుడు మల్టీమీడియా అంటే ఫ్లాషే అన్నట్టుండేది. 2020 డిసెంబరు 31తో అడోబీ దానికి మంగళం పాడింది. సాధనాల సంగతే కాదు, ముద్రించే సరుకు సంగతీ అంతే. 2022 జులై 1 నుంచి 100 మైక్రాన్ల కన్నా పలచని పీవీసీ బ్యానర్లను దేశమంతటా నిషేధించారు. ఇలాంటి మార్పు ఈ ఊరికి కొత్త కాదు. ఈ వరోరాలోనే బ్రిటిష్ కాలపు బొగ్గు గని 1906లో మూతపడింది. ఆ తరవాత తవ్వకం బల్లార్పూర్ వైపు సాగింది. గని మారినా తవ్వే పని తెలిసినవాడికి తిండి దొరికింది. డిజైన్ కోర్సు నేర్పాల్సింది కూడా సాఫ్ట్‌వేర్ మారినా మిగిలే దాన్నే.

మిగిలేది ఏమిటో ఒక మామూలు పనిని దగ్గరగా చూస్తే తెలుస్తుంది. ఎనిమిదడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు ఫ్లెక్సీ. మ్యాటరు వాట్సాప్‌లో వస్తుంది, ఫొటోలూ అందులోనే. వాట్సాప్ ఫొటోను కుదించి పంపుతుందని, దాన్ని రెండడుగులకు సాగదీస్తే మొహం గళ్లు గళ్లుగా పగులుతుందని ముందు తెలియాలి. అసలు ఫొటోను డాక్యుమెంటుగా పంపమని అడగాలి. దూరం నుంచి చూసే ఫ్లెక్సీకి అంగుళానికి డెబ్బై, వంద చుక్కలు సరిపోతాయి. చేతిలో పట్టుకుని చదివే విజిటింగ్ కార్డుకు మూడు వందలు కావాలి. అదే పెళ్లి కార్డయితే కత్తెర పడే గీతకు అవతల మూడు మిల్లీమీటర్ల రంగు వదలాలి, లేకపోతే అంచున తెల్ల గీత కనపడుతుంది. తెర మీద మెరిసే నీలం నాలుగు రంగుల అచ్చులో ఊదాగా దిగుతుంది. ఆ సంగతి అచ్చయ్యాక కాదు, ముందే పార్టీకి, అంటే పని చేయించుకునేవాళ్లకు, చెప్పాలి. ప్రెస్సుకు పంపేటప్పుడు కోరెల్ అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో అక్షరాలన్నిటినీ కర్వులుగా మార్చాలి, ఎందుకంటే అవతలి కంప్యూటర్‌లో ఆ ఫాంటు ఉంటుందన్న నమ్మకం లేదు. ప్రూఫు పంపి, పేర్లు సరిచూసుకున్నామని పార్టీ చేత అనిపించుకుని గానీ మిషను ఎక్కించకూడదు. పెళ్లికూతురి తండ్రి పేరు తప్పు పడితే ఖర్చు ఎవరిదన్న గొడవ ఈ ఒక్క మెట్టుతో తేలిపోతుంది. ఇవేవీ ఏ మెనూలోనూ దొరకవు. అయినా మూడు నెలల్లో నేర్పదగ్గవే, చేయిస్తూ నేర్పితే.

ఇందులో అన్నిటికన్నా బరువైనది లిపి. దాన్ని మన కోర్సులు దాదాపు వదిలేశాయి. పాత పద్ధతి ఫాంట్లు, తెలుగులో అనూ అయినా మరాఠీలో శ్రీలిపి అయినా, అక్షరాన్ని ముక్కలు చేసి ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో దాచుకున్నాయి. తలకట్టు ఒక చోట, ఒత్తు ఇంకో చోట. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో అదే ఫైలు తెరిస్తే అర్థం లేని ఇంగ్లీషు అక్షరాల గుట్ట కనపడుతుంది. వాట్సాప్‌లో వచ్చే మ్యాటరు ఏ పరికరంలోనైనా ఒకేలా చదవగలిగే యూనికోడ్, దుకాణంలో ఉన్న అందమైన అక్షరాలు పాతవి. రెంటి మధ్య మార్పిడి చేయడం, చేసినప్పుడు జారిపోయిన ఒత్తులను కంటితో పట్టుకోవడం రోజూ ఉండే పని. యూనికోడ్‌లోనూ తిప్పలున్నాయి. ఫొటోషాప్‌లో అక్షరాల సెట్టింగు దక్షిణాసియా లిపులకు మార్చకపోతే శ్రీ కాస్తా శ్‌రీ అవుతుంది, జ్ఞాపకార్థం జ్‌ఞాపకార్‌థం అవుతుంది. దేవనాగరిలో జోడక్షరాల గతీ అంతే. సంతాప ఫ్లెక్సీ మీద అలా పడితే చూసినవాళ్లు నవ్వుకుంటారు, పెట్టినవాళ్లు కుమిలిపోతారు. మరాఠీ చదివి, తెలుగు మాట్లాడి, హిందీలో బేరమాడే వరోరా, బల్లార్షా పిల్లలకు ఈ విషయంలో పుణె కుర్రాడికి లేని పట్టు ఉంది. దాన్ని ఆస్తిగా చూసే కోర్సు మాత్రం అరుదు. చాలాచోట్ల అభ్యాసానికిచ్చే మ్యాటరంతా ఇంగ్లీషే.

పని చేయిస్తూ నేర్పడం వరోరాకు ఎవరో వచ్చి చెప్పాల్సిన సంగతి కాదు. ఊరి పక్కనే ఆనందవన్ ఉంది. బాబా ఆమ్టే 1949లో మహారోగీ సేవా సమితిని పెట్టి, కుష్ఠు సోకి ఇళ్ల నుంచి గెంటేసిన వాళ్లతో అక్కడి బీడు నేలను సాగులోకి తెచ్చారు. దానం మనిషిని దిగజార్చుతుంది, పని నిలబెడుతుందన్నది ఆయన నడిపిన తోవ. క్రమంగా చూపు లేనివాళ్లకు, వినికిడి లేనివాళ్లకు బడులు, వికలాంగులకు వృత్తి శిక్షణ ఇచ్చే సంధినికేతన్ వచ్చాయి. చేనేత, ప్రెస్సు, గ్రీటింగు కార్డుల తయారీ అన్నీ అక్కడ సాగాయి. గమనించాల్సింది జాలి కథ కాదు, శిక్షణ పద్ధతి. నేర్చుకునే చోటూ సరుకు తయారయ్యే చోటూ ఒకటే. గ్రీటింగు కార్డు ఎవరో డబ్బు పెట్టి కొంటేనే పని పూర్తయినట్టు. నేసిన గుడ్డలో లోపం ఉంటే మార్కులు తగ్గవు, గుడ్డ అమ్ముడుపోదు. ఇంతకన్నా కచ్చితమైన పరీక్ష లేదు. డిజైన్ సెంటర్లు అరువు తెచ్చుకోవాల్సింది ఇదే.

దీనికి వచ్చే మొదటి అభ్యంతరం యంత్రం గురించి. కాన్వాలో తయారుగా ఉన్న నమూనాలు బోలెడు, 2023 నుంచి ఫొటోషాప్ కూడా మాట చెబితే బొమ్మ పుట్టిస్తోంది, ఇక ఈ పిల్లల పని ఎవరికి కావాలంటారు. ఇందులో నిజముంది, దాచిపెట్టడం మోసం. పుట్టినరోజు శుభాకాంక్షలు, పండగ పోస్టర్లు ఇప్పటికే జనం ఫోన్లలోకి పోయాయి, వెనక్కి రావు. ఆ పనిని లక్ష్యంగా పెట్టుకున్న కోర్సును నేడే మూసేయొచ్చు. కానీ కత్తిరింపు గీత, అచ్చు రంగు, సరైన ఒత్తు, ప్రూఫుకు బాధ్యత ఇవి యంత్రం తన నెత్తిన వేసుకోదు. బొమ్మలు పుట్టించే యంత్రాలు భారతీయ లిపుల్లో అక్షరాలు వేయమంటే ఇప్పటికీ తరచూ తడబడతాయి. రేపు మెరుగుపడొచ్చు. అప్పుడైనా ఆ అక్షరం తప్పో ఒప్పో చెప్పే కన్ను కావాలి. కాబట్టి యంత్రాన్ని కోర్సులోకి తేవాలి, దాని తప్పులు పట్టడం పాఠంగా పెట్టాలి.

డిజైన్ అంటే నాలుగేళ్ల చదువు, నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ (ఎన్‌ఐడీ) లాంటి చోట నేర్చుకోవాల్సిన విద్య అని అనేవాళ్లున్నారు. ఒప్పుకుంటాను. అందుకే మూడు నెలల కోర్సు బయట గ్రాఫిక్ డిజైనర్ అని బోర్డు కట్టకుండా, ఆపరేటర్ అని ఉన్నమాట రాయమంటున్నాను. ఆపరేటర్ అనడంలో చిన్నతనం ఏమీ లేదు, తెలుగు పత్రికలన్నీ వాళ్ల వేళ్ల మీద నడిచినవే.

గట్టి అభ్యంతరం మార్కెట్టుది. హైదరాబాద్ అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టూ చిన్న కోర్సులు అంతగా పండాయంటే కారణం ఉంది: బస్సెక్కి వెళ్లే దూరంలో వేల ఉద్యోగాలున్నాయి, పగలు కంపెనీలో పని చేసినవాళ్లు సాయంత్రం పాఠం చెప్పారు. వరోరాలో ఆ వసతి లేదు. ఒక తాలూకా కేంద్రంలో ఉండే ఫ్లెక్సీ షాపులు, ప్రెస్సులు, స్టూడియోలు ఏడాదికి ఎంతమందిని తీసుకోగలవు? పది మందిని తీసుకునే చోట రెండొందల మందికి నేర్పితే నూట తొంభై మంది చేతిలో కాగితం మిగులుతుంది. దేశమంతటా జరిగింది ఇదే. రంగాల వారీగా ఏర్పడ్డ నైపుణ్య మండళ్ల పనితీరు చూడటానికి 2016లో వేసిన శారదా ప్రసాద్ కమిటీ కూడా ఇదే తప్పు పట్టింది: లక్ష్యాలు మరీ పెద్దవి పెట్టారని, అందరూ అంకెల వెంట పడ్డారే తప్ప ఉపాధి సంగతి పట్టించుకోలేదని. అందుకే బ్యాచ్ చిన్నదిగా ఉండాలన్నది నా పట్టుదల. ప్రారంభోత్సవానికి వచ్చే నాయకులకు ఇది రుచించదు, అంకె చిన్నదైతే వార్త చిన్నదవుతుంది మరి. ఇంకో పక్క, ఫైలు పంపడానికి ఊరు అడ్డం కాదు. నాగపూర్ ప్రెస్సు పనిని వరోరాలో కూర్చుని చేయొచ్చు. కానీ ఆ ప్రెస్సు నమ్మేది రెండు మూడు పనులు తప్పు లేకుండా, చెప్పిన వేళకు అందాకనే. ఆ మొదటి రెండు మూడు పనులు కోర్సులోనే జరిగిపోవాలి.

డబ్బు లెక్క కూడా చూడాలి. 2013 నుంచి అడోబీ తన సాఫ్ట్‌వేర్‌ను చందా పద్ధతికి మార్చింది. చిన్న దుకాణానికి ఏటా అది భారం, కాబట్టి దొంగ కాపీలతో నడిపేయడం మామూలైపోయింది. దొంగ కాపీ మీద నేర్చుకున్న పిల్లవాడు రేపు సొంత దుకాణం పెడితే మొదటి రోజే ఇరుకున పడతాడు. గింప్, ఇంక్‌స్కేప్, స్క్రైబస్ లాంటి సాఫ్ట్‌వేర్లు ఉచితంగా దొరుకుతున్నాయి. అవి పనికిరావని కొట్టిపారేసేవాళ్లకు కేరళ దినపత్రిక జనయుగం జవాబు. మలయాళం లాంటి చిక్కు లిపితో ఆ పత్రిక 2019లో పేజీల తయారీని మొత్తం స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌కు మార్చుకుంది. రోజూ వచ్చే పత్రికకు సరిపోయినవి పెళ్లి కార్డుకు సరిపోవా? చుట్టుపక్కల ప్రెస్సులు కోరెల్ ఫైలే అడుగుతాయన్నది మాత్రం నిజమైన ఇబ్బంది. అందుకని ఉచిత సాధనాలతో పని నేర్పి, చివరి రెండు వారాలు కోరెల్‌కు కేటాయించినా చాలు.

ఇక కోర్సు అయిపోయాక సంగతి. 2024లో మహారాష్ట్ర ముఖ్యమంత్రి యువ కార్య శిక్షణ పథకం తెచ్చింది. పన్నెండో తరగతి పాసైనవాళ్లకు నెలకు 6,000, ఐటీఐ, డిప్లొమా వాళ్లకు 8,000, పట్టభద్రులకు 10,000 రూపాయల చొప్పున ఆరు నెలలు భృతి ఇచ్చి పనిచోట ఉంచే పథకంగా అది మొదలైంది. మూడు నెలల కోర్సుకు ఇలాంటి ఆరు నెలలను తగిలిస్తే రెండూ ఒకదాన్నొకటి ఆదుకుంటాయి. చిన్న ప్రెస్సులు పథకం నిబంధనల్లో ఇమడకపోతే నిబంధనలనే సడలించాలి. పరీక్ష మాత్రం నాలుగు జవాబుల్లో ఒకటి ఎంచుకునే కాగితం కాకూడదు. ఉదయం పది గంటలకు ముగ్గురు వేర్వేరు పార్టీల మ్యాటరు ఫోన్‌కు రావాలి: మరాఠీలో ఒక ఫ్లెక్సీ, మరాఠీ తెలుగు రెండింటిలో ఒక పెళ్లి కార్డు, ఫోన్‌లో నిలువుగా చూసే ఒక నిమిషం వీడియో కింద అక్షరాలతో సహా. సాయంత్రం ఐదింటికల్లా ప్రూఫులు అందాలి. మార్కులు వేసే కుర్చీలో ఊళ్లో ప్రెస్సు నడిపే మనిషిని కూర్చోబెట్టాలి. ఆయన ఆ ఫైలును అలాగే మిషను ఎక్కిస్తానంటే పాసు, లేదంటే ఇంకో నెల.